రక్కమ్మాళ్ పలకని మాట

పరలోక జపంలో ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి రక్కమ్మాళ్ నోరు మూసుకునేది. మాకు కీడు చేసినవాళ్ళను మేము మన్నించినట్టే మమ్మల్నీ మన్నించమని దేవుణ్ణి అడిగే మాట అది. చాపలమీద కూర్చున్నవాళ్ళంతా దాన్ని అలవాటుగా ఒకే ఊపున అనేసి ముందుకు పోయేవారు. ఆమె మాత్రం పెదవులు బిగించి, ఎదురుగా నిలబడి జపం చెప్పిస్తున్న ఈశ్వరన్ మొహంలోకి చూస్తూ ఉండేది. ఆ మాట దాటగానే మళ్ళీ అందరికంటే గట్టిగా గొంతు కలిపేది. మొదట్లో ఎవరూ గమనించలేదు. గమనించాల్సినవాడు మాత్రం మొదటి ఆదివారమే గమనించాడు.

కోయంబత్తూరుకు తూర్పున ఒక నూలు మిల్లు, దాని వెనక గోడకు గోడ ఆనించి కట్టిన పెంకుటిళ్ళు. వాటిని లైన్ అనేవారు. లైన్‌లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే కతోలిక్కులు, తాతల కాలంలో జ్ఞానస్నానం పొందినవాళ్ళు. ఇంట్లో తెలుగు, మిల్లులో అరవం, గుడిలో మొన్నమొన్నటిదాకా లాటిన్. ఇప్పుడు పూజ కూడా అరవంలోకి మారింది. రక్కమ్మాళ్‌కు గుడిలో పెట్టిన పేరు అన్నమ్మాళ్. ఆ పేరుతో పిలిచేది గుడి ఫాదరు, సామి ఒక్కడే. రీలింగ్‌లో నూలు చిలపలు చుట్టే పని ఆమెది. దూది దుమ్ము పీల్చి పీల్చి మొగుడు రొమ్ము జబ్బుతో పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, తంగవేల్.

తంగవేల్ స్పిన్నింగ్‌లో పనిచేసేవాడు. తిరుగుతున్న కదుళ్ళ మధ్య తెగిన నూలు పోగును రెప్పపాటులో అతికించే చెయ్యి వాడిది. సమ్మె వచ్చినప్పుడు గేటు ముందు నిలబడి మాట్లాడినవాళ్ళలో వాడు కూడా ఉన్నాడు. ఒకరోజు గేటు దగ్గర రాళ్ళు పడ్డాయి, ఒక కానిస్టేబుల్ తల పగిలింది. మరునాడు పట్టపగలు పోలీసులు లైన్‌లోకి వచ్చారు. అప్పుడు ఈశ్వరన్ జాబర్‌గా ఉన్నాడు, అంటే స్పిన్నింగ్ పనివాళ్ళందరిమీద మేస్త్రీ. కొళాయి దగ్గర ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి, చెయ్యి ఎత్తి, రక్కమ్మాళ్ ఇంటి తలుపు చూపించాడు. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న రక్కమ్మాళ్ ఆ చెయ్యి లేవడం చూసింది. లైన్ అంతా చూసింది.

తంగవేల్‌ను ఈడ్చుకుపోయి కొట్టారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. అతికింది కాని వంకరగా అతికింది. పోగు పట్టుకోవడానికి వేళ్ళు వంగకపోతే మిల్లులో ఏం పని? సమ్మె ముగిసి అందరూ పనిలోకి పోయారు, వాడు మేట్టుపాళయం పోయాడు. అక్కడ వక్కల మండీలో మూటలు మోసే పని దొరికింది. పండుగలకు కూడా ఇంటికి రావడం మానేశాడు.

ఇక ఈశ్వరన్ సంగతి. సమ్మె ముగిసిన కొన్నాళ్ళకు జాబర్ పని వదిలేశాడు. ఎందుకని అడిగినవాళ్ళకు జవాబు చెప్పలేదు. మదురైలో ఉపదేశుల శిక్షణకు పోయి, తెల్ల జిబ్బా వేసుకుని తిరిగొచ్చాడు. అదే సమయంలో గుడికి కొత్తగా అరుళప్ప సామి వచ్చాడు. వయసులో చిన్నవాడు, ఉత్సాహం ఎక్కువ. చిన్నప్పుడు బట్టీపట్టిన నాలుగు జపాలతో కాటిదాకా నెట్టుకొస్తే సరిపోదు, పెద్దవాళ్ళు కూడా కూర్చుని వాక్యం వినాలి, అడగాలి, మాట్లాడాలి అని పీఠం దగ్గర నిలబడి చెప్పాడు. ప్రతి ఆదివారం సాయంత్రం పెద్దలకు ఉపదేశం అన్నాడు. చెప్పేది ఈశ్వరన్ అన్నాడు.

పక్కింటి పాప్పాత్తి ఆ సాయంత్రం వచ్చి రక్కమ్మాళ్ గుమ్మంలో కూర్చుంది.

"నువ్వు పోవద్దులే అక్కా. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఎందుకు పోకూడదు? పోతా. వాడి ఎదురుగా కూర్చుంటా. నన్ను చూస్తా దేవుని మాట ఎట్ల చెప్తాడో చూడాల."

అలాగే పోయింది. పని దుస్తులు మార్చుకుని, తలకు నూనె రాసుకుని, అందరికంటే ముందు వెళ్ళి ముందు చాపమీద కూర్చునేది. ఉపదేశం వినడానికి కాదు. ఈశ్వరన్ కళ్ళు ఎటు తిప్పినా తన కళ్ళకు తగలాలి, అంతే. వారాలు గడిచేకొద్దీ అతను తడబడటం మొదలుపెట్టాడు. పరలోక జపంలో ఆ మాట దగ్గర గొంతు తగ్గేది. ఒకసారి ఆ మాట తర్వాతది మరిచిపోయి ఆగిపోయాడు. రక్కమ్మాళే అందించింది. అందిస్తున్నప్పుడు ఆమెకు కలిగిన సంతోషం మంచిది కాదని ఆమెకు తెలుసు. అయినా ఇంటికి పోయేదాకా ఆ సంతోషాన్ని నోట్లో వక్కపలుకులా పెట్టుకుని నమిలింది.

పాస్క, అంటే ఈస్టర్ పండుగకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలైన వారం సామి ఆమెను పిలిపించాడు. బల్లమీద కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన అరవంలో అడిగాడు, ఆమె సగం అరవం సగం తెలుగు కలిపి జవాబు చెప్పింది.

"అన్నమ్మాళ్, జపంలో ఒక మాట వదిలేస్తున్నావట."

"వదిలేస్తాండా సామి. అబద్ధం చెప్పేది పావం అని మీరే కదా చెప్తిరి. మన్నించలేదు. మన్నించినానని దేవుని ముందర ఎట్ల చెప్పేది?"

సామి అడిగాడు: "మన్నించకుండా పాస్కకు సత్ప్రసాదం ఎలా తీసుకుంటావు?"

"తీసుకోను."

ఈ జవాబు ఆయన ఊహించలేదు. గొంతు కొంచెం గట్టిపడింది. "ఈశ్వరన్ ఆ పని తలుచుకుని ఏడ్చాడు. దేవుడి ముందు మోకరించాడు. ఇంకేం చేయాలి?"

"పోలీసులు దేవుని ఇంటికి పోలేదు సామి. నా ఇంటికి వచ్చినారు."

సామి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. తపస్సు కాలంలో ఉపదేశం బడి హాలులో కాకుండా లైన్‌లో ఇంటింటికీ తిరుగుతుందని, ఒక్కో వారం ఒక్కో ఇల్లని ముందే ప్రకటించి ఉన్నాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "మీ ఇంటి వంతు కూడా ఉంది. దాన్ని తీసేయను."

"తీయొద్దు. రానీ."

ఆ వంతు వచ్చిన ఆదివారం ఆమె ఇల్లు కడిగింది. యేసు తిరుహృదయం పటానికి కనకాంబరాల దండ వేసింది. పక్కిళ్ళనుంచి చాపలు తెచ్చి పరిచింది. పాప్పాత్తి చక్కెర కలిపిన నిమ్మకాయ నీళ్ళు కుండలో తెచ్చి పెట్టి, ఆమె మొహం చూసి భయపడింది.

"అక్కా, ఈ ఒక్క దినం ఏమీ అనొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నా ఇంట్లో నన్ను నోరు మూసుకోమంటావా?"

"జగడం వద్దంటాండా. అంతే."

జనం వచ్చారు. ఇల్లు నిండి గుమ్మం బయట కూడా కూర్చున్నారు. ఈశ్వరన్ వేదపుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. చెప్పులు విప్పాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. లోపల అందరూ జరిగి దారి ఇచ్చారు. అతను కదల్లేదు.

"ఇక్కణ్ణించే చెప్తా," అన్నాడు.

"లోపలికి రా ఈశ్వరా," అంది రక్కమ్మాళ్. సమ్మె తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. "ఇల్లు తెలీదా?"

ఎవరూ నవ్వలేదు. ఈశ్వరన్ లోపలికి రాలేదు. గుమ్మం మీదే నిలబడి పుస్తకం తెరిచాడు. ఆ వారం చదవాల్సిన భాగాన్ని సామి ముందే నిర్ణయించి పూజలో చెప్పి ఉన్నాడు. పీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు నీమీద నీ సోదరుడికి మనసులో ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వాడితో సమాధానపడమని చెప్పే చోటు. అతను ఆ భాగం దాటేసి తర్వాతది చదవబోయాడు. రక్కమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కాదు. ముందరిది చదువు. సామి చెప్పింది ముందరిది."

అతను చదివాడు. చదువుతుంటే అరవం మాటలు అతని నోట్లో ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చదవడం అయ్యాక విడమరిచి చెప్పాలి. చెప్పలేదు. నిలబడి ఉన్నాడు.

"పెద్దోళ్ళు కూడా అడగొచ్చని సామి చెప్పినాడు," అంది రక్కమ్మాళ్. "నేను అడుగుతా. లైన్‌లో ఇన్ని ఇండ్లు ఉండాయి. నా ఇల్లే ఎందుకు చూపిస్తివి?"

"అక్కా, జపం టైములో..."

"జపం టైములోనే అడుగుతాండా. నీ వాక్యం కూడా అదే కదా చెప్తావుండాది."

ఈశ్వరన్ పుస్తకం మూశాడు. అంతవరకూ ఒంగి ఉన్న అతని మొహం ఇప్పుడు పైకి లేచింది. అందులో ఏడుపు లేదు, భక్తీ లేదు. మునుపటి జాబర్ మొహం అది.

"చెప్తా విను. ఇన్‌స్పెక్టర్ లైన్ మొత్తం సోదా చేస్తాననె. దొరికినోళ్ళందరినీ ఈడ్చుకుపోతాననె. ముఖ్యమైనోడు ఒక్కడు ఎక్కడుండాడో చూపిస్తే మిగతా ఇండ్లు తాకననె. నేను ఒక్క ఇల్లు చూపించినా."

"నా కొడుకేనా ముఖ్యమైనోడు?"

"కాదు. వాడు ఒంటిగాడు. పెండ్లాం లేదు, బిడ్డలు లేరు. అది చూసి చూపించినా."

ఈశ్వరన్ ఆమెనుంచి చూపు తిప్పి చాపలమీద కూర్చున్నవాళ్ళను చూశాడు.

"మీరంతా నన్నెందుకు అట్ల చూస్తారు? ఆ దినం మీ ఇండ్లలో ఎవరూ దాగలేదా? పాప్పాత్తి, నీ మొగుడు అటకమీద వరిపొట్టు బస్తాల వెనక లేడా? రాయి ఎవరు వేసిరో మీకు తెలీదా? నేను చెయ్యి ఎత్తినప్పుడు మీరు తలుపులు మూసుకుంటిరి. మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంటిరి. ఇన్నాళ్ళూ నన్ను మాత్రం చూపిస్తాండారు."

వెనక కూర్చున్న ఒక మొగవాడు లేచి, "ఉపదేశం చెప్పడానికి వచ్చినావా, తిట్టడానికి వచ్చినావా?" అని చాప దులుపుకున్నాడు. ఇంకొకరు లేచారు. ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుంటూ పక్కకు ఒదిగి బయటికి జారుకున్నారు. ఎవరూ రక్కమ్మాళ్ వైపు చూడలేదు. ఆమె పాప్పాత్తి వైపు తిరిగింది.

"నీ మొగుడు అటకమీద ఉండినాడా?"

పాప్పాత్తి తల ఒంచుకుంది.

"రాయి వేసింది ఎవరు?"

"నన్ను అడగొద్దు అక్కా."

"నా కొడుకు కాదు కదా?"

"కాదు," అంది పాప్పాత్తి, వినపడీ వినపడనట్టు.

ఇన్నేళ్ళుగా గోడ పక్క గోడగా బతికి, నా పొయ్యిమీద నీ కూర, నీ పొయ్యిమీద నా గంజి అని పంచుకున్న మనిషి. రక్కమ్మాళ్ లేచి నిమ్మకాయ నీళ్ళ కుండ తీసుకుంది. పాప్పాత్తి చేతిలో పెట్టి, "నీ సామాను నువ్వు తీసుకుపో," అంది. పాప్పాత్తి ఏడుస్తూ పోయింది. ఈశ్వరన్ అప్పటికే లేడు. దీపం ముందు ఖాళీ చాపలు మిగిలాయి.

ఉపదేశం ఆగిపోయింది. ఈశ్వరన్ తమను అవమానించాడని కొందరు, రక్కమ్మాళ్ పవిత్రమైన కూటంలో పగ తీర్చుకుందని కొందరు సామి దగ్గరికి పోయారు. సామి అందరిమీదా విసుక్కున్నాడు. కొళాయి దగ్గర రక్కమ్మాళ్ బిందె పెడితే పక్కన బిందె పెట్టేవాళ్ళు లేరు. రీలింగ్‌లో ఆమె పక్క మిషను ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. అదీ మంచిదే అనుకుంది. ఇదివరకు ఒక్కడిమీద కోపం. ఇప్పుడు లైన్ మొత్తం మీద.

పాస్క పూజలో ఆమె వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. సత్ప్రసాదం కోసం లైన్‌లోవాళ్ళు చేతులు జోడించుకుని వరసగా పోయారు. పాప్పాత్తి పోయింది, ఆమె మొగుడు పోయాడు. రక్కమ్మాళ్ కదల్లేదు. చూస్తే మొగవాళ్ళ వైపు ఈశ్వరన్ కూడా తన చోటనే కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. దాన్ని చూసి ఆమెకు జాలి కలగలేదు. సత్ప్రసాదం మానుకోవడం ఒక్కటే తన దగ్గర మిగిలింది, దాన్ని కూడా వాడు లాక్కున్నాడనిపించింది.

మరునాడు మిల్లు సెలవు. ఆమె మేట్టుపాళయం బస్సెక్కింది. ఈశ్వరన్ తన నోటితో తానే ఒప్పుకున్నాడని కొడుక్కి చెప్పాలి. ఆ మాట చెప్పినప్పుడు వాడి మొహం ఎలా మారుతుందో దారంతా ఊహించుకుంది.

మండీ వెనక గోనెసంచుల నీడలో తంగవేల్ అన్నం తింటున్నాడు, ఎడమ చేత్తో. తల్లిని చూసి లేచాడు. బక్కచిక్కలేదు, బాగానే ఉన్నాడు. ఆమె కూర్చోకముందే మొదలుపెట్టి అంతా చెప్పింది. గుమ్మం దగ్గర ఆగిపోవడం, పుస్తకం మూయడం, ఒంటిగాడని చూసి చూపించానన్న మాట. వాడు తింటూనే విన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏమి తెలుసు?"

"ఈశ్వరణ్ణ వచ్చినాడు ఇక్కడికి. మదురైకి పోకముందే. నువ్వు కూర్చున్న చోటే కూర్చుని అంతా చెప్పినాడు."

"నువ్వేమంటివి?"

"ఏమంటా? టీ తాగించి పంపినా. మళ్ళీ రావద్దంటి."

"మన్నించినావా వాణ్ణి?"

"మన్నించినానో లేదో నాకేమి తెలుసమ్మా. చలికాలం చెయ్యి గుంజితే తిట్టుకుంటా. మిగతా దినాలు గుర్తు రాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

తంగవేల్ చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, తల్లి మొహం చూడకుండా అన్నాడు: "చెప్తే ఊరుకుంటావా? పొద్దున లేస్తే ఈశ్వరన్, గంజి పోస్తే ఈశ్వరన్, పడుకుంటే ఈశ్వరన్. ఆ ఇంట్లో ఊపిరి ఆడలేదు నాకు. విరిగింది నా చెయ్యి. నువ్వు దాన్ని తీసేసుకుంటివి."

"నేను నీ కోసం..."

"నా కోసం కాదు. నేను పోయింది మిల్లులో పని లేక అనుకుంటాండావా? ఇక్కడ మోసే మూటలు అక్కడ మోయలేనా? నీ దగ్గర ఉండలేక వచ్చేసినా."

ఆమె వాణ్ణి కొట్టింది. పెద్దవాడు, మూటలు మోసే మనిషి. చెంపమీద ఆమె దెబ్బ ఏపాటిది? వాడు అడ్డం పెట్టలేదు, కోపం కూడా పడలేదు. తాడు తీసుకుని, "బస్సు ఉండాది, పో," అని మండీలోకి పోయాడు. పోయి మళ్ళీ వచ్చి గెలనుంచి కోసిన ఒక అరటిపండ్ల అత్తం ఆమె సంచిలో పెట్టాడు. ఆమె దాన్ని తీసి గోనెసంచిమీద పెట్టేసి నడిచింది.

బస్సులో ఆమె కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. కొడుకుమీద కోపం, ఈశ్వరన్ మీద కోపం, టీ తాగి పోయిన ఆ మనిషి తన ఎదురుగా నిలబడి ఒక్క మాట కూడా బయటపెట్టకుండా జపం చెప్పించాడన్న కోపం. వాడికి తెలుసు. తను మింగేసిన మాటను తన కొడుకు టీ నీళ్ళతో తేల్చేశాడని వాడికి తెలుసు. తెలిసి కూడా ప్రతి ఆదివారం తన చూపు కింద నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడు? చెప్పేసి ఉంటే తన నోరు మూతపడి ఉండేది కదా. దారిలో కారమడై ఊరు దాటేదాకా దాన్నే అటూ ఇటూ తిప్పి చూసింది. కొడుకు మాటను మాత్రం ముట్టుకోలేకపోయింది.

ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఉపదేశం మళ్ళీ బడి హాలులో మొదలవుతుందని, ఈసారి జనం రాకపోతే ఇక మానేస్తానని సామి ఆదివారం పూజలో చెప్పాడు.

సాయంత్రం ఆమె పోయేసరికి పెద్ద హాలులో ఇద్దరు ముసలమ్మలు, ఒక మూలన పాప్పాత్తి. పాప్పాత్తి ఆమెను చూసి కొంచెం జరిగింది. రక్కమ్మాళ్ ఆ పక్కన కూర్చోలేదు. ఎప్పటిలాగే ముందు చాపమీద కూర్చుంది. ఈశ్వరన్ పుస్తకం పట్టుకుని నల్లబల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మళ్ళీ మళ్ళీ తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. పుస్తకం సంచిలో పెట్టబోయాడు.

"మేట్టుపాళయం పోయినా," అంది రక్కమ్మాళ్.

అతని చెయ్యి ఆగింది. ముసలమ్మలకు ఏమీ అర్థం కాలేదు.

"నా దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"వాడు చెప్పొద్దన్నాడు అక్కా," అన్నాడు ఈశ్వరన్. "అదొక్కటే వాడు నన్ను అడిగింది."

ఆమె మొహంలో మెత్తదనం ఏమీ రాలేదు. ఈ మనిషిని ఆమె ఇంటికి పిలవదు, ఇతని ఇంట్లో నీళ్ళు తాగదు. అది అక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు, అతనికి మరీ బాగా తెలుసు.

"పోయినసారి నా ఇంట్లో చదివింది విడమరిచి చెప్పలేదు," అంది. "ఇప్పుడు చెప్పు. ముసలోళ్ళు కూర్చోనుండారు."